పచ్చి ముక్కల మీద పోసుకొనే పులుసు

మన భోజనపు బల్ల



ఈ నెల వంట సంగతి రాస్తున్నాను. "వాక్యము చెప్పే పని చాలక రోటి దగ్గర కూడా కూర్చుంటారా" అని నా భార్య నవ్వింది. నవ్వనీయండి. ఇది రాయవలసిన బాకీ నా మీద ఉన్నది. ఎందుకో మొదట చెప్పుతాను.

2024 మార్చి 29, గుడ్ ఫ్రైడే. మా గూడూరులో ఆ దినము మధ్యాహ్నము మూడు గంటల వరకు ఆరాధన జరుగుతుంది. చాలామంది ఉపవాసముతో వస్తారు. ఆరాధన ముగిసిన తరువాత అందరము కలిసి కూర్చుని ఏదైనా తేలికపాటి ఆహారము తింటాము. ప్రతి సంవత్సరము పులిహోర, మజ్జిగ ఉండేవి. ఆ ఏడు యౌవనస్థులు "అయ్యగారూ, ఎండలు ముదిరినవి, ఈసారి పచ్చి కూరగాయల ముక్కలు పెట్టుదాము" అన్నారు. మంచిదే అన్నాను. ఒక తమ్ముడు పట్నము వెళ్ళి తెల్లటి మయోనీజ్ ప్యాకెట్లు తెచ్చాడు. ఉదయము తొమ్మిది గంటలకే క్యాబేజీ, క్యారెట్, కీరదోస సన్నగా తరిగి, ఆ ప్యాకెట్లన్నీ కుమ్మరించి, పెద్ద గంజులో కలిపి, మూత పెట్టి షామియానా కింద ఉంచాము. ఉంచమన్నది నేనే.

మూడు గంటలకు వడ్డన మొదలైంది. వరుసలో మా సంఘములోని ఒక అవ్వ వచ్చింది. నలువది దినములు ఆమె మాంసము గాని, గుడ్డు గాని, పాలు పెరుగు గాని ముట్టదు. ఇది మా సంఘము పెట్టిన నియమము కాదు. తన మనస్సుతో తాను ఎన్నో ఏండ్లుగా పాటిస్తున్నది. గిన్నెలోకి చూసి, "అయ్యగారూ, గీ తెల్లగున్నది ఏంది? ఇండ్ల గుడ్డు గిట్ల ఉన్నదా?" అని అడిగింది. "లేదవ్వా, ఉత్త క్రీము" అన్నాను. దానిలో ఏమున్నదో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. నేను చెప్పాను గనుక ఆమె తిన్నది.

ఆ రాత్రి ఏడుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఒక చిన్న పిల్లకు తెల్లవారే వరకు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. డాక్టరుగారు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎప్పుడు కలిపారు?" ఉదయము తొమ్మిదికి అన్నాను. ఆయన నా ముఖము చూసి ఇంకేమీ అనలేదు. దేవుని దయవలన పిల్లలందరు కోలుకున్నారు. మరునాడు గుడి వెనుక పడి ఉన్న ప్యాకెట్టు తీసి చదివితే, గుడ్డు అని స్పష్టముగా రాసి ఉన్నది. మాంసాహారమని తెలిపే గోధుమరంగు గుర్తు కూడా ఉన్నది. చదవగలిగినవాడను, చదవలేదు.

తప్పు ప్యాకెట్టుది అని నేను అనను. మార్చి నెల ఎండలో కలిపిన ఆహారాన్ని ఆరు గంటలు ఉంచినది మేము. అయినను మయోనీజ్ అంటే ఏమిటో తరువాత తెలుసుకున్నాను. పచ్చి గుడ్డు సొనలో చుక్క చుక్కగా నూనె పోస్తూ గిలకొట్టి, నిమ్మరసము గాని వెనిగర్ గాని కలిపితే అయ్యేది అది. పొయ్యి మీద పెట్టరు. గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటే, చంపడానికి మంట లేదు గనుక వేడి వాతావరణములో అది గంటగంటకు పెరుగుతుంది. అదే సంవత్సరము అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక స్త్రీ మరణించింది, అనేకులు జబ్బుపడ్డారు. ఆ రోజులలోనే, అక్టోబరు 30న, పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వము ఒక సంవత్సరము పాటు నిషేధించింది. కేరళలో 2023 జనవరిలోనే అట్లు చేశారు. తమిళనాడులో 2025 ఏప్రిలులో చేశారు. ఆ వార్త పేపరులో చదివిన దినము నాకు అన్నము దిగలేదు.

ఈస్టరు మరునాడు ఆ అవ్వ ఇంటికి వెళ్ళాను. "అవ్వా, ఆ తెల్లదానిలో గుడ్డు ఉన్నది. తెలియకుండానే లేదని చెప్పాను, నన్ను క్షమించు" అన్నాను. ఆమె కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "తెల్వక జెప్పిండ్రు, తెలిసి జెప్పలేదు గదా. ఎండల వచ్చిండ్రు, కూసోండ్రి" అన్నది. లోపలికి వెళ్ళి, చింతపండు నానబెట్టి, పెనము మీద నువ్వులు వేయించడము మొదలుపెట్టింది. పచ్చిమిరపకాయలు రెండు నిప్పుల మీద కాల్చింది. రోటిలో అన్నీ నూరి, చింతపండు రసముతో కలిపి, చక్రాలుగా కోసిన కీరకాయ, ఉల్లిగడ్డల మీద పోసింది. "అన్నంలకైతే పల్చగ జేస్త. ముక్కలకైతే గింత చిక్కగుండాలె, లేకుంటే అడుగుకు జారిపోతది" అన్నది.

మన పచ్చిపులుసే అది! పట్నములో దీనినే సలాడ్ డ్రెస్సింగ్ అని సీసాలలో అమ్ముతున్నారు. పాలు, గుడ్లు, తేనె కూడా ముట్టనివారిని ఇప్పుడు వీగన్లు అంటారు. 1944లో ఇంగ్లండులో పుట్టిన మాట అది. ఆ మాట వినని అవ్వ రోటిలో, వారు వెదకేది ఎన్నో ఏండ్లుగా ఉన్నది.

ఆ దినము నుండి ఇంట్లో నేనూ నా భార్యా చాలా రకాలు చేసి చూశాము. కొన్ని పాడైనవి. కుదిరినవి ఇక్కడ రాస్తున్నాను.

అవ్వ చేసినది మొదట. అరకిలో ముక్కలకు నిమ్మకాయంత చింతపండు, అంటే సుమారు 25 గ్రాములు, అర గ్లాసు వెచ్చని నీళ్ళలో నానవేయవలెను. పులుసుకు పోసే నీళ్ళలో ఇది సగమే. నువ్వులు నాలుగు పెద్ద చెంచాలు నూనె లేకుండా సన్నని మంట మీద చిటపటలాడే వరకు వేయించి, వెంటనే పళ్ళెములోకి తీయవలెను. పెనము మీదనే వదిలితే మాడి చేదెక్కుతాయి. కాల్చిన పచ్చిమిర్చి రెండు, చిటికెడు జీలకర్ర, ఉప్పు, రేగుపండంత బెల్లము. షుగరు ఉన్నవారి ఇంట్లో బెల్లము మానేయవచ్చును. రుచిలో కొంత తేడా వస్తుంది గాని తినలేనంత కాదు. నువ్వులు మొదట పొడిగా నూరి, అవి నూనె విడిచి ముద్ద అవుతున్నప్పుడు చింతపండు రసము కొద్దికొద్దిగా పోయాలి. ఇక్కడ ఒక విచిత్రము జరుగుతుంది. మొదటి చెంచా రసము పోయగానే ముద్ద పలుచబడక ఇంకా బిగిసి గట్టిపడుతుంది. నా భార్య మొదటిసారి పాడైందనుకొని కోళ్ళకు వేయబోయింది. ఆగి, ఇంకా కొంచెము పోస్తూ నూరితే అది హఠాత్తుగా విడిపోయి, వెన్నవలె నున్నగా, తెల్లగా అవుతుంది.

ఎందుకు అట్లా అవుతుందంటే, నూనె, నీరు వాటంతట అవి కలవవు. ఎంత గిలకొట్టినా కాసేపటికి నూనె పైకి తేలుతుంది. రెంటిని పట్టి ఉంచే మధ్యవర్తి కావలెను. గుడ్డు సొనలో లెసిథిన్ అనే పదార్థము ఆ పని చేస్తుంది. నువ్వులు, పల్లీలు, ఆవాలు మెత్తగా నూరినప్పుడు వాటిలోని మాంసకృత్తులు, పిప్పి, జిగురు కలిసి అదే పని చేస్తాయి. గుడ్డు లేకుండా చిక్కదనము రాదనుకోవడము మన తెలియనితనము.

నువ్వులలో ఇంకొక మేలు ఉన్నది. పొట్టుతో ఉన్న నువ్వులు 100 గ్రాములలో సుమారు 975 మిల్లీగ్రాముల కాల్షియము ఉంటుంది. పాలలో అదే తూకానికి సుమారు 120. అయితే నువ్వులలోని దానిని మన శరీరము పూర్తిగా గ్రహించలేదు, పొట్టులోని ఆక్సాలేటు అడ్డుపడుతుంది. కనుక లెక్క చూసి పాలు పూర్తిగా మానేయండని నేను చెప్పను. పాలు పడని పిల్లలున్న ఇంట్లో మాత్రము నువ్వుల డబ్బా ఖాళీ కానీయకండి.

రెండవది పల్లీలది. పిల్లలకు ఇదే ఇష్టము. గుప్పెడు పల్లీలు, సుమారు 50 గ్రాములు, వేయించి పొట్టు చెరిగి, ఒక వెల్లుల్లి రెబ్బ, చిన్న అల్లము ముక్క, ఉప్పు వేసి నూరి, ఒక నిమ్మకాయ రసము, తగినన్ని నీళ్ళు కలపాలి. ఎర్రగా కావాలంటే మన ఓరుగల్లు చపాట మిరపకాయ ఒకటి వేడినీళ్ళలో నానబెట్టి దానితోపాటు నూరండి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన కాయ ఇది. రంగు బాగా ఇస్తుంది, కారము తక్కువ. తెల్లగా, మయోనీజ్ వలె కావాలంటే పల్లీలు వేయించకుండా ఉడికించి, పొట్టు తీసి, నిమ్మరసము, రెండు చెంచాల నూనెతో మిక్సీలో తిప్పవలెను. జీడిపప్పుతో ఇంకా బాగుంటుందని పట్నము పుస్తకాలలో రాస్తారు. జీడిపప్పు ధర రాసేవారికి తెలుసో లేదో.

పల్లీల విషయములో మాత్రము ఒక మాట గట్టిగా చెప్పుతున్నాను. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి, నోటికి చేదుగా తగిలినవి ఏరి పారవేయండి. ఆ బూజు విడిచే అఫ్లటాక్సిన్ అనే విషము కాలేయాన్ని చెడగొడుతుంది. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. "మనము తినలేము, బర్రెకు వేద్దాము" అనుకొనేవారున్నారు. ఆ విషము పాలలోకి కూడా వస్తుంది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థలో శాస్త్రజ్ఞులు ఈ బూజు మీద ఎన్నో ఏండ్లు పనిచేశారంటే అది ఎంత పెద్ద సమస్యయో ఆలోచించండి. కాయలు కోసిన తరువాత బాగుగా ఎండబెట్టి, తడి తగలకుండా దాచడమే మన చేతిలో ఉన్న మందు.

ఆవాలతో చేసేది అందరికీ నచ్చదు. ఒక చిన్న చెంచా ఆవాలు చల్లని నీళ్ళతో, ఉప్పుతో నూరి పది నిమిషాలు ఆగితే ఘాటు పుడుతుంది. అప్పుడు నిమ్మరసము ఒక వంతు, నువ్వుల నూనె రెండు వంతులు కలిపి, మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి ఊపవలెను. విదేశాలలో నూనె మూడు వంతులు వేస్తారు. మన నాలుకకు పులుపు ముందు తగలాలి గనుక రెండు వంతులు చాలు. క్యాబేజీకి ఇది బాగా కుదురుతుంది.

శనగలు ఉడికించిన చిక్కటి నీళ్ళతో కూడా మయోనీజ్ వంటిది చేయవచ్చును. ఆ నీరు గుడ్డు తెల్లసొన వలె నురుగు కడుతుందని 2014లో ఫ్రాన్సు దేశస్థుడు జోయెల్ రోసెల్ లోకానికి తెలియజేశాడు. మూడు పెద్ద చెంచాల నీటికి ముప్పావు కప్పు నూనె పట్టింది. "ఆ నీళ్ళతో కమ్మగా కట్టుచారు పెట్టుకోక ఇంత నూనె తగలేస్తారా" అని నా భార్య రెండవసారి చేయనీయలేదు.

నూనె పూర్తిగా లేకుండా చేయడము కూడా మంచిది కాదు. క్యారెట్‌లో, ఆకుకూరలలో ఉండే కెరోటిన్ మన దేహములో విటమిన్ ఎ గా మారుతుంది. కొంచెము కొవ్వు తోడు ఉంటేనే అది ఒంటికి పడుతుంది. నిమ్మరసములోని విటమిన్ సి ఆకుకూరలోని ఇనుమును అందిస్తుంది. రక్తము తక్కువైన ఆడపిల్లలున్న ఇంట్లో ఈ సంగతి గుర్తుంచుకోండి.

పరిశుద్ధ గ్రంథములో బోయజు పొలములో పరదేశియైన రూతును పనివారితో భోజనానికి పిలిచి, రొట్టెముక్కను చిరకలో ముంచుకొమ్మన్న సంగతి మీకు తెలుసు. చిరక అంటే పులిసిన ద్రాక్షారసము, ఇప్పటి వెనిగర్ వంటిది. ఎండలో కోత కోసినవారికి పులుపు ప్రాణము లేచి వచ్చేటట్లు చేస్తుందని మన కూలి తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రాంతమువారు నువ్వుల ముద్దలో నిమ్మరసము, వెల్లుల్లి, ఉప్పు కలిపి నేటికిని పచ్చి కూరగాయల మీద పోసుకుంటారు. తహీనీ అంటారు. చింతపండుకు బదులు నిమ్మ, అంతే తేడా. ఇథియోపియా దేశపు ఆర్థడాక్సు క్రైస్తవులు సాధారణముగా బుధ, శుక్రవారములలోను, ఈస్టరుకు ముందు 55 దినములును మాంసము, పాలు, గుడ్లు ముట్టరు. పండుగనాడు వెన్నతో వండే కూరలనే ఆ దినాలలో నూనెతో వండుకుంటారు. మన అవ్వ ఒంటరిది కాదన్నమాట.

ఇక జాగ్రత్తలు. పచ్చిగా తినే ముక్కలకు నిప్పు తగలదు గనుక నీళ్ళే దిక్కు. తాగే నీళ్ళతో, పారే ధారకింద రుద్ది కడగండి. కోసిన తరువాత కాదు, కోయక ముందు. మాంసము కోసిన కత్తిపీట మీద ఇవి కోయవద్దు. ఉప్పు తగలగానే కీరకాయ నీళ్ళు విడుస్తుంది గనుక తినే సమయానికే కలపండి. చింతపండుతో ఇత్తడి బిందెలు తోముకునే మనము, అదే చింతపండు పులుసును ఇత్తడి గిన్నెలో నిలవ ఉంచితే ఏమి జరుగుతుందో ఆలోచించాలి. అల్యూమినియము కూడా వద్దు. స్టీలు, గాజు, జాడీ మంచివి. పచ్చి వెల్లుల్లి నూనెలో వేసి రోజుల తరబడి బయట ఉంచవద్దు. గాలి తగలని నూనెలో ప్రాణాంతకమైన విషము పుట్టగలదు, వాసనతో దానిని కనిపెట్టలేము. గుడ్డు, పాలు లేవు గదా అని నువ్వుల పులుసు కూడా ఎండలో గంటల తరబడి ఉంచకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో ఏ పూటకు ఆ పూట నూరుకోవడమే.

కొందరికి పల్లీలు గాని నువ్వులు గాని పడవు. పెదవులు వాయడము, దద్దుర్లు, ఊపిరాడకపోవడము కలుగుతాయి. అట్టివారిని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పాలు, గుడ్లు, మాంసము కొన్ని దినాలు మానినందువలన ఆరోగ్యవంతులకు నష్టము లేదు గాని, ఏండ్ల తరబడి మానేవారికి బి 12 అనే విటమిన్ తగ్గుతుంది. వారు, ముఖ్యముగా గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడిగి మాత్రలు వాడవలెను.

2025లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 18న వచ్చింది. వంద మందికి లెక్క వేసుకున్నాము. ముక్కలు ఎనిమిది కిలోలు, చింతపండు 400 గ్రాములు, నువ్వులు 600 గ్రాములు. పల్లీలు వేయలేదు, పడని పిల్లవాడు ఒకడున్నాడు. నువ్వులు ఎవరికైనా పడవా అని ముందు ఆదివారమే ఇంటింటివారిని అడిగాము. కూరగాయలు ఉదయమే కడిగి, కోయకుండా తడిబట్ట కప్పి ఉంచాము. సహోదరీలు వంతులవారీగా ఆరాధన నుండి లేచి వెళ్ళి రెండున్నరకు కోత, నూరుట మొదలుపెట్టారు. నా ప్రసంగము మధ్యలో రోకలి చప్పుడు వినబడింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. గుడి గోడకు ఒక కాగితము అంటించి, పులుసులో ఏమేమి పడినవో పెద్ద అక్షరాలతో నా చేతితో రాశాను. చదువు రానివారికి వరుస మొదట్లో నిలబడి నోటితో చెప్పాను.

అవ్వ వరుసలో వచ్చింది. అడుగుతుందని సిద్ధముగా ఉన్నాను. నేను నోరు తెరవక ముందే పళ్ళెము చాచి, రెండు ముక్కలు నోట్లో వేసుకొని నమిలి, "ఉప్పు జర తక్కువైంది అయ్యగారూ" అని, నీడ ఉన్నచోటు చూసుకొని కూర్చున్నది.